మాండరిన్ చేప పిల్లల డైరీ: విశాఖలో ఇంటి ట్యాంకు, గుడ్డు నుంచి గుళిక మేత దాకా

మాండరిన్ జంట చేత గుడ్లు పెట్టించడం ఈ పనిలో సులువైన వంతు. కడుపు నిండా తిండి, తలపైన అడుగున్నర నీళ్లు, సాయంత్రం మెల్లగా మసకబారే లైటు ఉంటే అవే పెడతాయి. గుడ్డు పగిలిన మూడో రోజు నుంచి అసలు పని మొదలవుతుంది. ఒక మిల్లీమీటరు పైచిలుకు పొడవుండే లార్వా నోట్లో పట్టేంత చిన్న తిండి, అదీ ప్రాణంతో కదిలేది, రోజూ లక్షల్లో కావాలి. అందుకే ఇందులో చేపల కంటే కోపిపాడ్ల (నీటిలో ఈదే అతిచిన్న రొయ్యజాతి జీవులు) గురించే ఎక్కువ ఉంటుంది. దీన్ని చూసి చేయదలచినవాళ్లు ముందు దశ 4 చదివి, ఆ కోపిపాడ్ బకెట్లు రెండు నెలలు చెడకుండా నడిపాకే చేపల్ని కొనండి.

చేప సంగతి క్లుప్తంగా: శాస్త్రీయ నామం సింకిరోపస్ స్ప్లెండిడస్, 1927లో పేరు పెట్టారు. సొంత నీళ్లు పశ్చిమ పసిఫిక్‌వి: ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, పలావ్, జపాన్ దక్షిణాన ర్యూక్యూ దీవులు, ఆస్ట్రేలియా. మన బంగాళాఖాతం చేప కాదు. ఒంటిమీద పొలుసులు ఉండవు, వాసన కొట్టే చిక్కటి జిగురు ఉంటుంది. సముద్రంలో పట్టి తెచ్చిన వాటిలో చాలా వరకు చచ్చిన తిండిని తిండిగా గుర్తించవు. దుకాణాల్లో కళ్లముందే చిక్కిపోయి ఆకలితో చస్తాయి. ఫ్లోరిడాలోని ఓఆర్ఏ హేచరీ 2010 ప్రాంతంలో వీటిని పుట్టించి పెంచి అమ్మకానికి తెచ్చింది కాబట్టి పని సాధ్యమేనని తెలుసు. ఇంట్లో, మన ఎండలో, మన కరెంటుతో ఎలా అన్నదే ఇక్కడి లెక్క.

దశ 1: జంట

ట్యాంకు 90 × 45 × 45 సెం.మీ., సుమారు 180 లీటర్లు. 45 సెం.మీ. లోతు తగ్గించవద్దు. జంట చెంపలు ఆనించుకుని నిలువుగా పైకి లేస్తూ చివర్లో గుడ్లు వదులుతుంది, ఆ లేవడానికి చోటు కావాలి.

ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, సెలినిటీ (ఉప్పదనం) 34 పీపీటీ (వెయ్యిలో 34 వంతులు), పీహెచ్ 8.2. మే నెలలో మా గది 33 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాన్ గాలితో 29 దాకా దిగింది, అక్కడితో ఆగిపోయింది. నీళ్లు చల్లబరిచే చిల్లర్ తప్పలేదు.

మగది 6.5 సెం.మీ., ఆడది 5 సెం.మీ. వీపు మీది మొదటి రెక్కలో ముందు ముల్లు పొడుగ్గా సాగి ఉంటే మగది. ఒక ట్యాంకులో ఒక్క మగదే ఉండాలి, రెండు మగవి ఉంటే ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. ఆకలితో ఉన్న మాండరిన్ కూడా అంతే అందంగా ఉంటుంది. పైనుంచి చూసినప్పుడు తల వెనక ఒళ్లు సన్నబడి, పక్కనుంచి చూస్తే పొట్ట లోపలికి గుంటపడి ఉంటే ఆ చేప వద్దు.

తిండికి నోరు చిన్నగా ఉన్న గాజు సీసాను ఇసుకలో పక్కకు పడుకోబెట్టి, సన్నటి గొట్టంతో అందులోకే ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యజాతి జీవి), కోపిపాడ్లు దింపాను. చురుకైన చేపలున్న ట్యాంకులో మాండరిన్‌కు ముద్ద దక్కదు. ఇది ఒక్కొక్కటే ఏరుకుని నింపాదిగా తినే రకం. రోజుకు నాలుగుసార్లు. ఆడదాని పొట్ట బయటికి ఉబ్బినట్టు కనిపించేదాకా మిగతా ఏ ప్రయత్నమూ దండగే.

ఖర్చు: జంట 8,000, చిల్లర్ 20,000, ట్యాంకు స్టాండుతో 9,500, పంపులు, లైటు 4,500. *ఇప్పటిదాకా మొత్తం: రూ. 42,000.*

దశ 2: గుడ్లు చేతికి రావడం

మొదట్లో పెట్టిన గుడ్లన్నీ సంప్‌లోకి (ట్యాంకు కింది ఫిల్టర్ తొట్టిలోకి) పోయాయి. గుడ్లు నీటికంటే తేలిక, పైకి తేలతాయి. మన ఓవర్‌ఫ్లో పనే పై నీటిని లాగేయడం. జంట లేవడం కళ్లారా చూసి, పావుగంటలో టార్చి వేసి వెతికితే ట్యాంకులో ఒక్కటీ లేదు. సంప్ నీటిలో, నీళ్లను తిరిగి పైకి తోసే రిటర్న్ పంపు దగ్గర, చితికిన పొరలు దొరికాయి.

ఇప్పుడు చేసే పద్ధతి:

1. లైటు రాత్రి 7:15కి మసకబారడం మొదలై 8:00కి ఆరిపోతుంది. 7:00కే వేవ్‌మేకర్ (ట్యాంకు నీటిని కదిపే పంపు), రిటర్న్ పంపు టైమర్‌తో ఆగిపోతాయి.
2. జంట మామూలుగా 7:40–8:00 మధ్య లేస్తుంది. వదిలాక పది నిమిషాలు నీళ్లు కదపకూడదు.
3. 250 మి.లీ. గాజు బీకరును పక్కకు వంచి, అంచును నీటి మట్టానికి కాస్త కిందికి దించితే పై నీటితో పాటు గుడ్లూ జారి లోపలికి వస్తాయి. వలతో పైకెత్తితే సగం చితికిపోతాయి.
4. తెల్లబడినవి, అడుగున పడినవి పిప్పెట్‌తో తీసేయాలి. బాగున్న గుడ్డు అద్దంలా ఉంటుంది, నల్లటి గుడ్డ మీద పెట్టి చూస్తే తప్ప కనపడదు.
5. 8:30కి పంపులు మళ్లీ ఆన్. ఇది కూడా టైమర్‌కే అప్పగించండి.

మైక్రోస్కోపు కింద గుడ్డు వ్యాసం 0.74 మి.మీ. 26 డిగ్రీల్లో 14–15 గంటలకు పగిలాయి, అంటే మర్నాడు పొద్దున పదీ పదకొండు మధ్య. పంపు ఆపే సమయాన్ని మొదట 7:30గా పెట్టాను, జంట ఒక్కోరోజు ముందే లేస్తుండటంతో 7:00కి జరిపాను. ఆ అరగంట మార్పుతో చేతికి వచ్చే గుడ్లు రెట్టింపయ్యాయి.

దశ 3: రోటిఫర్లతో పోయిన బ్యాచ్

క్లౌన్ చేప పిల్లలకు రోటిఫర్లు (నీటిలో ఈదే కంటికి ఆనని జీవులు) సరిపోతాయి కాబట్టి మొదటి బ్యాచ్‌కు అవే సిద్ధం చేశాను. నానోక్లోరోప్సిస్ అనే ఆల్గే (సూక్ష్మ నాచు)తో పెంచిన చిన్న రకం రోటిఫర్లు, మి.లీ.కి 10 లెక్కన.

గుడ్లు 64. పగిలినవి 51. మొదటి రెండు రోజులు లార్వాలు సొనసంచి మీదే బతికాయి. మూడో రోజు పొద్దుటికి కళ్లు నల్లబడ్డాయి, నోరు తెరుచుకుంది. నాలుగో రోజు పది లార్వాలను ఒక్కొక్కటిగా 40 రెట్ల మైక్రోస్కోపు కింద చూశాను. తొమ్మిదింటి పేగు ఖాళీ, అవతల ఉన్నది కనిపించేంత ఖాళీ. ఒక్కదాంట్లో ఒకే ఒక్క రోటిఫర్. ఆరో రోజుకు టబ్బులో ఏమీ మిగల్లేదు.

ఇక్కడ కొలత చూస్తే కారణం దొరుకుతుంది. చిన్న రకం రోటిఫర్ కూడా 100 నుంచి 200 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మాండరిన్ లార్వా క్లౌన్ లార్వా కంటే చాలా చిన్నది, నోరు ఇంకా చిన్నది. క్లౌన్ పిల్లలు తినే రోటిఫర్ దీని నోట్లో పట్టడం కష్టం. పారవోకలానస్ అనే కోపిపాడ్ అప్పుడే పుట్టిన పిల్ల వెడల్పు 50 మైక్రాన్ల చిల్లర. పైగా అది ఆగి ఆగి దూకుతుంది. ఆ కుదుపు చూసే లార్వా వేటకు దిగుతుంది. రోటిఫర్ ఒకే తీరుగా తిరుగుతూ ఉంటుంది, లార్వా దాని పక్కనుంచే పోయినా పట్టించుకోవడం కనపడలేదు.

*లెక్క: గుడ్లు 64, పగిలినవి 51, బతికినవి 0.*

దశ 4: కోపిపాడ్ మూల

దీనికి ఒక గది మూల మొత్తం కేటాయించాను. విత్తనంగా పారవోకలానస్, దాని తిండికి ఐసోక్రైసిస్ ఆల్గే, రెండూ మత్స్యశాస్త్రం చదివే ఒక కుర్రాడు 250 మి.లీ. సీసాల్లో ఇచ్చాడు. ఆల్గే పెంచే పద్ధతి మాత్రం భీమిలి వైపు ఒక రొయ్యల హేచరీలో ఏళ్ల తరబడి ఆల్గే గది చూస్తున్న పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. మన తీరం పొడవునా ఉన్న వనామీ రొయ్యల హేచరీల్లో ఈ పని చేతికి వచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. అక్వేరియం పుస్తకాలు వెతికే ముందు వాళ్లను అడగండి.

నీళ్లు తయారుచేసే తీరు ఆయన చెప్పిందే, 100 లీటర్లకు:

1. 5 మైక్రాన్, తర్వాత 1 మైక్రాన్ ఫిల్టర్ సంచిలోంచి వడకట్టాలి.
2. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 3.3 గ్రాములు మగ్గు నీటిలో కలిపి, మడ్డి అడుగుకు దిగాక పై తేట మాత్రమే పోయాలి. ఇది 10 పీపీఎం.
3. 24 గంటలు గాలి గట్టిగా ఆడించాలి.
4. మిగిలిన క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో విరిచేయాలి. కొద్దికొద్దిగా వేస్తూ, క్లోరిన్ పరీక్ష చుక్కలు వేసినప్పుడు పసుపు ఏమాత్రం రాకుండా పోయేదాకా.

"బాబూ, నీళ్ల రంగు రోజూ చూడు. బంగారు గోధుమ రంగు ఉన్నంతసేపు నీదే రాజ్యం. తెల్లబడి నురగ కట్టిందా, ఇంక ఆ సీసా మీద ఆశ పెట్టుకోకు, పారబోసెయ్" అన్నాడాయన.

"పారబోస్తే రేపటికి తిండి ఎట్లా బాబాయ్?"

"అందుకే మూడు సీసాలు మూడు వయసులవి పెట్టుకోమంది."

అదే చేస్తున్నాను. ఆల్గే 5 లీటర్ల సీసాలు మూడు, ఒక్కొక్కదానికి రెండ్రోజుల తేడా. ఎఫ్/2 పోషక ద్రావణం, తెల్ల ఎల్ఈడీ. కోపిపాడ్లకు 20 లీటర్ల బకెట్లు నాలుగు. గాలి రాయి పెట్టవద్దు. సన్నటి గట్టి గొట్టం అడుగుదాకా దింపి, బుడగలు లెక్కపెట్టగలిగినంత నెమ్మదిగా వదిలితే చాలు. ఆల్గే రోజూ పొద్దునే, నీళ్లు లేత టీ రంగుకు వచ్చేదాకా.

కోపిపాడ్ పిల్లల్ని తీసే పద్ధతి: బకెట్ నీళ్లను ముందు 75 మైక్రాన్ జల్లెడలోంచి పోస్తే పెద్దవి పైన ఆగుతాయి, వాటిని వెంటనే బకెట్‌లోకి కడిగేయాలి. కిందికి దిగిన నీళ్లను 38 మైక్రాన్ జల్లెడలో పోస్తే దాని మీద మిగిలే కోపిపాడ్ పిల్లలే నాప్లీ. జల్లెడ సగం నీటిలో మునిగే ఉండాలి. గాలిలోకి ఎత్తితే చస్తాయి.

అవసరం ఎంతంటే: 30 లీటర్ల లార్వా టబ్బులో మి.లీ.కి 5 చొప్పున 1,50,000 నాప్లీ. రెండు బకెట్లు ఆరోగ్యంగా ఉంటే ఒక రోజుకు ఇది వస్తుంది. కోపిపాడ్లకు విరామం కావాలి కాబట్టి నాలుగు బకెట్లు.

ఖర్చు: జల్లెడలు 3,200, లైట్లు 1,800, గాలి పంపులు 2,400, విత్తనం దారిఖర్చు, పోషకాలు 2,600. *మొత్తం: రూ. 52,000.*

దశ 5: ఒకే రాత్రి గుడ్లు, రెండు టబ్బులు

రోటిఫర్ల విషయం నా ఊహా, నిజమా తేలాలి. ఒకే రాత్రి దొరికిన 142 గుడ్లలో 118 పగిలాయి. 59 చొప్పున రెండు టబ్బులు. నీళ్లు, లైటు, ఆల్గే రంగు అన్నీ ఒకటే. ఒకదాంట్లో రోటిఫర్లు, రెండోదాంట్లో నాప్లీ.

- 5వ రోజు: రోటిఫర్ టబ్బులో 3, కోపిపాడ్ టబ్బులో 34.
- 10వ రోజు: 0, 21.

ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నాప్లీ తిన్న లార్వా పేగు గోధుమ రంగులో నిండుగా కనపడింది.

పదకొండో రోజు జల్లెడ మీద మిగిలింది చూస్తే నాప్లీతో పాటు రోటిఫర్లు. పన్నెండో రోజుకు నాలుగు కోపిపాడ్ బకెట్లలో మూడింట రోటిఫర్లే ఎక్కువ. అవి ఆడా మగా కలవకుండానే రోజుల్లో రెట్టింపవుతాయి, కోపిపాడ్ గుడ్డు నుంచి పెద్దది కావడానికి వారం పైనే పడుతుంది. ఒకే ఆల్గే కోసం పోటీ పడితే కోపిపాడ్లు నిలవలేవు. లార్వాలకు తిండి తెగిపోయి, 13వ రోజుకు నాలుగు మిగిలాయి. ఒక్కటే ఈదడం మాని అడుగున కూర్చునే దశకు చేరి, అదీ రెండు రోజుల్లో పోయింది.

రోటిఫర్ ఎట్లా దాటింది? జల్లెడలు వేరే ఉన్నాయి. పక్కపక్కనే ఉన్న బకెట్లలో బుడగలు పగిలినప్పుడు చిమ్మే తుంపర చాలు. ఒక చుక్కలో ఒక్కటి వెళ్లినా సరిపోతుంది. మార్చినవి:

1. రోటిఫర్లను ఇంట్లోంచి పూర్తిగా తీసేశాను.
2. నాలుగు బకెట్లకు మూతలు, గొట్టానికి మాత్రం రంధ్రం.
3. బకెట్‌కు ఒక జల్లెడ, ఒక మగ్గు, ఒక రంగు టేపు. ఎర్రటేపు మగ్గు పచ్చటేపు బకెట్‌లోకి పోదు.
4. నాలుగో బకెట్ వేరే గదిలో, దాన్ని ముట్టుకునేది రోజులో అన్నిటికంటే ముందు.
5. కొత్త విత్తనం కోసం ఆ నాలుగో బకెట్‌లోంచి ఎదిగిన ఆడ కోపిపాడ్లను పిప్పెట్‌తో ఒక్కొక్కటే ఏరి, తేట నీటిలో మూడుసార్లు మార్చి పెట్టాను. సుమారు రెండు వందలు. కళ్లు లాగే పని, కానీ వేరే దారి లేదు.

*లెక్క: గుడ్లు 206, పగిలినవి 169, అడుగుకు చేరింది 1, బతికినవి 0.*

దశ 6: అక్టోబరు నీళ్లు, కరెంటు

ఇది మన తీరం వాళ్లకే వచ్చే చిక్కు. వేసవిలో సముద్రపు నీళ్లు 34 చూపిస్తాయి. వానాకాలం చివర్లో గోదావరి లాంటి పెద్ద నదుల నీళ్లన్నీ బంగాళాఖాతంలో కలిశాక సెలినిటీ బాగా పడిపోతుంది. అక్టోబరులో తెచ్చిన నీళ్లు ఉప్పదనం కొలిచే నా రిఫ్రాక్టోమీటర్‌లో 26. 100 లీటర్లను 34కి తేవాలంటే 800 గ్రాముల సింథటిక్ సముద్రపు ఉప్పు కలపాలి. కళ్లుప్పు వాడవద్దు, అందులో కాల్షియం, మెగ్నీషియం నిష్పత్తి సముద్రానిది కాదు. నీళ్లు తీరం ఒడ్డున ముంచకండి, మురుగు కాలవలు కలిసేది అక్కడే. తెల్లవారుజామున వేటకు వెళ్లే పడవలో క్యాన్లు పంపించి లోపలి నీళ్లు తెప్పించుకుంటున్నాను.

తుపాను గాలికి కరెంటు పోయినప్పుడు అందరూ చిల్లర్ గురించి కంగారు పడతారు. నీటి వేడి నెమ్మదిగానే పెరుగుతుంది. పంపుల గాలి ఆగితే మాత్రం చిక్కటి ఆల్గే ఉన్న బకెట్ రాత్రికి రాత్రే పోతుంది. అందుకే చిన్న ఇన్వర్టర్ మీద గాలి పంపులు మాత్రమే పెట్టాను. ఆ ఒక్క పని చేస్తే బ్యాటరీ రాత్రంతా ఆగుతుంది.

మైక్రోస్కోపు 6,500, ఇన్వర్టర్ బ్యాటరీ 11,500. *మొత్తం: రూ. 70,000.*

దశ 7: నిలబడ్డ బ్యాచ్

గుడ్లు 156, పగిలినవి 137. టబ్బు 30 లీటర్లది, గుండ్రం, లోపలా బయటా నలుపు. పాత టబ్బు లేత నీలం. పక్కల నుంచి వెలుతురు పడితే లార్వాలు గోడకు ముక్కు ఆనించి అక్కడే ఉండిపోతాయి, తిండి మధ్యలో ఉంటుంది. నలుపు వేసి లైటు పైనుంచి ఒక్కటే పెడితే నీరంతా పరుచుకున్నాయి. రోజుకు 16 గంటలు లైటు.

రోజువారీ పని:

1. పొద్దున 10 మి.లీ. నీళ్లు తీసి నాప్లీ లెక్క. మి.లీ.కి 5 కంటే తగ్గితే నింపాలి, మధ్యాహ్నం మళ్లీ.
2. ఐసోక్రైసిస్ లేత రంగు నిలిచేలా. ఇది నాప్లీకి తిండి. ఆకలి నాప్లీని తిన్న లార్వాకు బలం రాదు.
3. నీటి మీద నూనె పొర కడితే కాగితపు న్యాప్‌కిన్ ఒక్కసారి ఆనించి తీయాలి. ఈ పొరకు అతుక్కుని చచ్చేవి మొదటి వారంలో చాలా ఉంటాయి.
4. అడుగు చెత్త 4 మి.మీ. గొట్టంతో తెల్ల గిన్నెలోకి లాగి, అందులో లార్వా ఉందేమో చూశాకే పారబోయాలి.
5. తీసినంత నీరు చుక్కచుక్కగా తిరిగి పోయాలి.

ఎనిమిదో రోజు అమ్మోనియా 0.5 పీపీఎం తాకింది. అప్పటిదాకా రోజుకు లీటరు మారుస్తున్నాను, మూడు లీటర్లకు పెంచితే మర్నాటికి 0.25 కిందికి వచ్చింది. ఏడో రోజునుంచే మూడు లీటర్లు మార్చడం మంచిదని నా అభిప్రాయం.

- 5వ రోజు 96
- 10వ రోజు 71
- 16వ రోజు, అడుగుకు చేరినవి 43

అడుగుకు చేరినప్పుడు పొడవు 3.5 మి.మీ. తల వెడల్పుగా, ఒళ్లు గోధుమ రంగులో, టబ్బు గోడను పట్టుకుని కూర్చుంటాయి. అప్పటినుంచి నీటి మధ్యలో ఈదే నాప్లీ వాటికి అందవు.

దశ 8: అడుగుకు దిగాక

ఈ మలుపులో 14 పోయాయి. నీటిలో తిండి ఉన్నా గోడ మీద, నేల మీద లేదు. రెండు మార్పులు చేశాక చావులు తగ్గాయి. ఒకటి, నేల మీద పాకే టిస్బే కోపిపాడ్లను వేరే డబ్బాలో పెంచి, అవి పట్టిన ప్లాస్టిక్ జాలీ ముక్కను అట్లాగే పిల్లల టబ్బులో పెట్టడం. రెండు, 20వ రోజు నుంచి అప్పుడే పొదిగిన ఆర్టీమియా. సుమారు 450 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి అంతకుముందు పనికిరాదు. పొదిగిన ఆరేడు గంటల్లోపే పెట్టాలి, తర్వాత దాని సొన కరిగిపోయి సత్తువ ఉండదు.

30వ రోజు: 29. కొన్నింటి ఒంటిమీద నీలి గీత మొదలైంది. ఈ నీలం నిజంగా కణాల్లో ఉండే రంగు పదార్థం. ఎక్కువ చేపల్లో నీలం కణాల్లోని సన్న పలకల మీద వెలుతురు పడి తిరిగి వచ్చే తీరు వల్ల కనిపించేదే. మైక్రోస్కోపు కింద మొదటిసారి ఆ గీతను చూసినప్పుడు చాలాసేపు అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు.

60వ రోజు: 22, సగటు 11 మి.మీ. మేత మార్చే వరస ఇది:

1. ఆర్టీమియా మాత్రమే, వారం.
2. ఆర్టీమియా పోసిన వెంటనే కరిగించిన ఫ్రోజెన్ సైక్లాప్స్ (గడ్డకట్టించిన కోపిపాడ్లు) చిటికెడు. కదిలే దానితో పాటు కదలనిదీ నోట్లోకి పోతుంది.
3. ఆర్టీమియా రోజు విడిచి రోజు.
4. 0.3 మి.మీ. గుళిక మేత, నానబెట్టి, ఒకే గాజు మూతలో రోజూ ఒకే చోట. తిండి చోటు మార్చకూడదు.

90వ రోజుకు 22లో 17 గుళిక మేత తింటున్నాయి. మిగతా ఐదింటిని వేరే డబ్బాకు మార్చి రెండో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాను. పెద్దవి ముందే ఎగబడటంతో వాటికి అందడం లేదు. వేరుచేసిన నాలుగో రోజుకు మూడు తిన్నాయి.

*లెక్క: గుడ్లు 362, పగిలినవి 306, అడుగుకు చేరినవి 44, బతికినవి 22. ఖర్చు రూ. 70,000, కరెంటు బిల్లు కాకుండా.*

ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే గుళిక మేత వరసగా నెల రోజులు తిన్న పిల్లనే ఇస్తాను, పొడవు 25 మి.మీ. దాటాక. టబ్బు నీళ్లు కాలవలోకి వదిలే ముందు బ్లీచింగ్ వేసి రాత్రంతా ఉంచుతున్నాను. ఈ చేప గానీ దీని గుడ్డు గానీ ఇక్కడి సముద్రంలోకి పోకూడదు. తర్వాతి బ్యాచ్‌కు రెండు మార్పులు: టిస్బే జాలీని 12వ రోజే పెట్టడం, నీటి మార్పును ఏడో రోజునుంచే మూడు లీటర్లకు పెంచడం. ఆల్గే సీసాలు మూడూ ఇప్పటికి గోధుమ రంగులోనే ఉన్నాయి, కోపిపాడ్ బకెట్లలో రోటిఫర్ లేదు. ఆడదాని పొట్ట మళ్లీ నిండుతోంది.